పోయిన ఏడాది నివేదికలో ఒక వాక్యం దిద్దుకుంటున్నాం

(వార్షిక మహాసభలో తెనాలి, బాపట్ల, రేపల్లె వృద్ధాశ్రమ సందర్శన బృందాల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, తిరిగి కట్టింది ఎంత అని చదువుకుంటాం. ఆ లెక్కలు వేరే పేజీల్లో ఉన్నాయి. మాకు అప్పజెప్పిన అంశం వృద్ధాశ్రమాల సందర్శన. దాని గురించి చెప్పేముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది నివేదికలో మా పేరా చివర "సందర్శించిన ఆశ్రమాలన్నిటిలో వృద్ధులు సంతోషంగా ఉన్నారు, ఎవరికీ ఏ సమస్యా లేదు" అని రాశాం. అది నిజం కాదు. కావాలని అబద్ధం రాయలేదు. చూడటం చేతకాక అట్లా రాశాం. ఆ వాక్యం దిద్దుకోవడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాం.

మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటే, ఇక్కడ పెద్ద ఇంట్లో ఒక్క పెద్దావిడ మిగిలిపోతోంది. ఇంకోపక్క పిల్లలు ఊళ్లోనే ఉన్నా, ఇద్దరూ కూలికి పోతే తప్ప పూట గడవని ఇళ్లున్నాయి. మతి తప్పిన అత్తగారిని ఇంట్లో వదిలి పనికి ఎట్లా పోతారు? ఈ రెండు రకాల ఇళ్ల నుంచీ పెద్దవాళ్లు ఆశ్రమాలకు చేరుతున్నారు. కొన్ని నెలనెలా డబ్బు కట్టేవి, కొన్ని దాతల మీద నడిచేవి. మేం నెలకోసారి పళ్లూ బిస్కెట్లూ పట్టుకుని వెళ్లేవాళ్లం. మేనేజరు గారు కుర్చీలు వేయించి అందర్నీ వరసగా కూర్చోబెట్టేవారు. "బాగున్నారా మామ్మా, అన్నం బాగుంటుందా" అని అడిగేవాళ్లం. "బాగుందమ్మా" అనేవాళ్లు. ఫొటో దిగి, రిజిస్టరులో సంతకం పెట్టి, మధ్యాహ్నం బండికి వచ్చేసేవాళ్లం.

ఒక ఆశ్రమంలో వరస చివర కూర్చునే ఒక మామ్మ ఉంది. ఎనభై దాటి ఉంటాయి. ఏం అడిగినా "బాగుంది" అంటుంది. చలికాలం కదా అని ఒకసారి స్వెట్టర్లు తీసుకెళ్లాం. ఆమెకు చెయ్యి తొడుగుతుంటే మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన చార కనబడింది. రెండో చేతికీ ఉంది. "ఏంటి మామ్మా ఇది, ఎవరు చేశారు" అంటే మా మొహం చూసి "బాగుంది" అంది.

ఆమెకు మిగిలిన మాట అదొక్కటే. నెలనెలా మేం దాన్నే జవాబు అనుకుని రాసుకుని వచ్చాం.

రాత్రిపూట చీర పీలికతో మంచానికి కడుతున్నారని ఆరోజే తెలిసింది. కట్టింది ఎవరో కాదు, ఆ ఆశ్రమంలో ఆయాగా పనిచేస్తున్న మన సంఘం సభ్యురాలే. పక్కకి పిలిచి అడిగితే ఏడ్చింది. "ఏం చేసేది అక్కా, రాత్రిపూట అందరికీ కలిపి నేనొక్కదాన్నే. ఆమె నాలుగైదు సార్లు లేస్తది. చీకట్లో పడిపోద్ది. తుంటి విరిగితే నా ఉద్యోగం పోద్ది. కట్టమని నాకు చెప్పిందీ లేదు, వద్దన్నదీ లేదు" అంది. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్రపట్టలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఆ తర్వాతే శిక్షణ కావాలని సమాఖ్యను అడిగాం. వృద్ధుల సేవలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక నర్సమ్మ గారు వచ్చి రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పారు. మొదటి గంటలోనే మా నోళ్లు మూయించారు. "మీరు వాళ్లను చూడటానికి వెళ్తున్నారా, వాళ్ల తరఫున వెళ్తున్నారా? ముందు అది తేల్చుకోండి" అన్నారు. మేం నేర్చుకున్నదాంట్లో మీ అందరికీ పనికొచ్చేది చెబుతాం. ఆశ్రమాలకే కాదు, మన ఇళ్లల్లోనూ ఇది అవసరమే.

ముందు జబ్బు సంగతి. డిమెన్షియా అంటే ముసలితనంతో అందరికీ వచ్చే మతిమరుపు కాదు. మెదడుకు వచ్చే జబ్బు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం మామూలే. కళ్లజోడు చేత్తో పట్టుకుని ఇది దేనికి అని అడిగితే అది జబ్బు. ఆల్జీమర్స్ అనేది అందులో ఎక్కువ మందికి వచ్చే రకం. బీపీ, షుగరు అదుపులో లేక మెదడులో రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకం ఇంకొకటి. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో, చదువుకున్నవాళ్లకంటే చదువు లేనివాళ్లలో ఎక్కువ. అంటే మన అమ్మమ్మలూ నాయనమ్మలే. బడికి పంపని పిల్లలు, వయసులో నాట్లేసి కలుపు తీసి, చివరికి ఈ జబ్బు తెచ్చుకున్నవాళ్లు.

అటువంటివాళ్లను మనం ఏమని పిలుస్తున్నాం? చాదస్తం అంటాం, మొండి అంటాం, కొంచెం కోపమొస్తే పిచ్చిది అంటాం. జపాన్ దేశంలో కూడా ఈ జబ్బుకి పాత పేరు బుద్ధిహీనత అనే అర్థం వచ్చేదట. 2004లో అక్కడి ప్రభుత్వం ఆ పేరు తీసేసి, గౌరవంగా ఉండే కొత్త పేరు పెట్టింది. మరుసటి ఏడాది నుంచి దుకాణాలవాళ్లకు, బ్యాంకు ఉద్యోగులకు, బడిపిల్లలకు కూడా గంటన్నర శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. మేం మా రిజిస్టరులో ఆ మూడు మాటలూ కొట్టేశాం. "మొండి చేస్తోంది" అని రాయకుండా, "ఉదయం స్నానానికి రానంది, తలుపు పట్టుకుని నిలబడింది" అని చూసింది చూసినట్టు రాస్తున్నాం. అట్లా రాయడం మొదలుపెట్టాకనే కారణాలు కనబడ్డాయి.

రెండో పాఠం అదే. నోటితో చెప్పలేనివాళ్లు చేష్టతో చెబుతారు. కొట్టడం, అరవడం, తినకపోవడం, బయటికి పోవడం ఇవన్నీ ఫిర్యాదులే. మనం చదవడం నేర్చుకోవాలి.

బాపట్ల వైపు ఒక ఆశ్రమంలో ఒక పెద్దమ్మ ఉన్నట్టుండి భోజనాల గదికి రావడం మానేసింది. తువ్వాలు నెత్తిన కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. ఆకలి లేదన్నారు, పంతం అన్నారు. మా బృందంలో పెద్దావిడ ఒకామె ఆ తువ్వాలు చూసి గుర్తుపట్టింది. పేలు పడుతున్నాయని, దువ్వడానికి మనిషి లేదని, ఆశ్రమంలో అందరికీ జుట్టు కత్తిరించారు. ఆ తరం ఆడమనిషికి జుట్టు తీసేయడం అంటే ఏమిటో మనలో పెద్దవాళ్లకు తెలుసు. ఆమెకు తన పేరు గుర్తులేదు గాని, బోడితలతో నలుగురిలోకి రాకూడదన్నది గుర్తుంది. అన్నం గదిలోకే తెచ్చి పెట్టమన్నాం, తలకు కట్టుకోవడానికి మెత్తటి నూలుగుడ్డ ఇచ్చాం. జుట్టు పెరిగేదాకా అట్లాగే జరిగింది. ఇప్పుడక్కడ అడగకుండా ఎవరి జుట్టూ కత్తిరించడం లేదు. వారానికోసారి మన సంఘం వాళ్లు ఇద్దరు వెళ్లి తల దువ్వి వస్తున్నారు.

తెనాలిలో ఒకామె సాయంత్రం నాలుగు దాటితే సంచీ పట్టుకుని గేటు దగ్గరికి పోతుంది. "రేపల్లె బండి వెళ్లిపోద్ది, తలుపు తియ్యండి" అంటుంది. "ఇదే మీ ఇల్లు మామ్మా, మిమ్మల్ని ఇక్కడ చేర్చారు కదా" అని మేం నచ్చజెప్పబోతే సంచీతో కొట్టింది. పొద్దువాలే వేళ ఈ జబ్బున్నవాళ్లకు ఆదుర్దా ఎక్కువవుతుందని శిక్షణలో చెప్పారు. వాదించొద్దు, అబద్ధంతో మభ్యపెట్టొద్దు, ఎందుకు వెళ్లాలో అడగండి అన్నారు. అడిగాం. "దూడ అరుస్తంటది, పాలు తియ్యాలి" అంది. ఆమె మనసులో అది పాలు పితికే వేళ. అరవై ఏళ్లు అదే వేళకి అదే పనిచేసిన చేతులు. ఇప్పుడు మూడున్నరకి చేటలో మినుములు పోసి ముందు పెడతారు, రాళ్లు ఏరమని. కూర్చుని ఏరుతుంది. రోజూ ఆగుతుందని చెప్పం. వారంలో సగం రోజులు ఆగుతుంది. మిగతా రోజులు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని గేటు దాకా వెళ్లి, రోడ్డు చూపించి, కబుర్లు చెబుతూ తీసుకొస్తారు.

మూడో పాఠం, అన్నిటికంటే ముఖ్యం. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద నెమ్మదిగా ముదురుతుంది. నిన్నటిదాకా ఒకరకంగా ఉన్న మనిషి ఇవాళ పూర్తిగా మారిపోతే అది డిమెన్షియా ముదరడం అనుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షను కావచ్చు, నీళ్లు తాగక కావచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గి కావచ్చు, కొత్త మందు పడక కావచ్చు, జారిపడి తలకు దెబ్బ తగిలి కావచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అట్లాగే థైరాయిడ్, బి12 లోపం, దిగులు జబ్బు, చెవుడు, కళ్లలో శుక్లాలు ఇవి కూడా మతిమరుపులాగా కనిపిస్తాయి. వీటికి వైద్యం ఉంది. ఇది డిమెన్షియానే అని ఆయా, మేనేజరు, మనం తేల్చకూడదు. తెనాలి జిల్లా ఆసుపత్రిలో చూపించి, అవసరమైతే గుంటూరు పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి పంపించుకోవాలి.

మణికట్టు కమిలిన మామ్మ విషయంలో తేలింది కూడా ఇదే. రాత్రి నాలుగైదు సార్లు ఎందుకు లేస్తోంది అని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. డాక్టరు పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షను ఉందని తేలింది. ఆమె లేచేది బాత్రూముకి. దారి చీకటి. కట్టేస్తే పక్కలోనే పోసేది, పొద్దున్నే దానికి తిట్లు తినేది. మందు వాడారు. మంచం ఎత్తు తగ్గించారు. పక్కన చాప పరిచారు. బాత్రూము దాకా చిన్న బల్బు వెలిగేటట్టు పెట్టారు. పడుకునేముందు ఒకసారి, రెండు గంటలకి ఒకసారి ఆయానే లేపి తీసుకెళ్తోంది. రాత్రి డ్యూటీకి ఇంకో మనిషిని పెట్టించడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆశ్రమం వాళ్లు డబ్బు లేదన్నారు. ఇద్దరు దాతలను మేమే వెతికాం. కట్టు మాత్రం మేం చూసిన రోజు నుంచే ఆగిపోయింది.

కట్టు అంటే గుడ్డ పీలిక ఒక్కటే కాదు. లేవలేకుండా కుర్చీకి బల్ల అడ్డం పెట్టడం కట్టే. గదికి బయట గడియ పెట్టడం కట్టే. మత్తు మాత్ర వేసి పడుకోబెట్టడం కూడా కట్టే. మానసిక జబ్బులకు ఇచ్చే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ప్రాణాపాయం పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక జారీ చేసింది. అయితే మనం డాక్టర్లం కాదు, ఏ మాత్రా మానిపించే అధికారం మనకు లేదు. అడిగే హక్కు ఉంది. "ఈ మందు దేనికి, ఎవరు రాశారు, ఎన్నాళ్లు, మళ్లీ చూపించింది ఎప్పుడు" ఈ నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు రాసుకోవాలి. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మానసిక అనారోగ్యం ఉన్న మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని చెబుతోంది.

ఇట్లా ఆశ్రమంలో ఉన్నవాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఉండాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో 1972లో ప్రయోగంగా మొదలుపెట్టి, 1978 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ తప్పనిసరి చేశారు. వాళ్లను ఆంబుడ్స్‌మన్ అంటారు. శిక్షణ పొందిన వాలంటీర్లు నర్సింగ్ హోములకు వెళ్లి, అక్కడున్నవాళ్ల ఫిర్యాదులు విని, వాళ్ల తరఫున నిలబడతారు. సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టడం, మందుతో మగతలో ఉంచడం కూడదని 1987లో అక్కడ చట్టం వచ్చింది. మనకు అటువంటి పదవి లేదు. కాని చట్టాలున్నాయి, నంబర్లున్నాయి, ప్రతి ఊళ్లో సంఘం ఉంది.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007 కింద ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే కాబట్టి దూరం పోనక్కర్లేదు. పెద్దవాళ్లు స్వయంగా దరఖాస్తు పెట్టుకోలేకపోతే, వాళ్లు ఒప్పుకున్న మనిషిగాని సంస్థగాని పెట్టవచ్చు. ఒప్పుకునే స్థితిలో కూడా లేకపోతే ట్రిబ్యునల్ తనంత తానే కేసు తీసుకోవచ్చు, ఆ సమాచారం అందించడం మన పని. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో భరణం సంగతి తేల్చాలి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, 23వ సెక్షను కింద ఆ రిజిస్ట్రేషను రద్దు చేయించవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఉచిత న్యాయ సహాయానికి 15100. మనసు బాగోలేనప్పుడు, చూసుకునేవాళ్లకు దిగులు పట్టినప్పుడు టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబర్లు మీ సంఘం మినిట్స్ పుస్తకం అట్ట మీద రాసుకోండి.

వేలిముద్ర గురించి ఒక మాట. 4,000 రూపాయల పింఛను ఎవరి చేతికి వెళ్తోంది, ఎవరి కోసం ఖర్చవుతోంది అని చూడండి. ఏ కాగితం మీద వేయమన్నా వేలు చాపే స్థితిలో ఉన్న మనిషి చేత ఆస్తి కాగితాల మీద ముద్ర వేయిస్తుంటే, అది ఇంటివాళ్ల విషయం అని పక్కకి తప్పుకోవద్దు.

ఇక ఆ ఆశ్రమం పేరు ఎందుకు చెప్పలేదంటారా? దాని మీద మా బృందాల్లో పెద్ద గొడవే జరిగింది. వెంటనే ఫిర్యాదు పెట్టాలని సగం మందిమి, వద్దని సగం మందిమి. మూతపడితే ఆ పెద్దవాళ్లు ఎక్కడికి పోతారు? ఉద్యోగం పోతే ఆ ఆయా సంగతేంటి? పేరు బయటపెడితే మిగతా చోట్ల కట్టడం మానరు, దాచడం నేర్చుకుంటారు. చివరికి రిజిస్టరులో రాసి, యాజమాన్యానికి, ఆమె కొడుక్కి చెప్పి, మళ్లీ కనబడితే ఆర్డీవో గారి దగ్గరికి వెళ్తామని రాతపూర్వకంగా ఇచ్చాం. మేం చేసింది సరైనదేనా అని ఇప్పటికీ మాలో కొందరికి అనుమానం ఉంది. అయితే కొట్టడం, తిండి పెట్టకపోవడం, ఒంటి మీద చెయ్యి వేయడం, ఆస్తి రాయించుకోవడం ఇటువంటివి కనబడితే ఒక్కరోజు కూడా ఆగకూడదని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

ఆ ఆయా ఇప్పుడు మాతోపాటు శిక్షణ తీసుకుంది. మాకంటే ఆమే ఎక్కువ చెబుతోంది, ఎందుకంటే రాత్రి రెండు గంటలకి అక్కడ ఉండేది ఆమె. ఆయాలను శత్రువులుగా చూస్తే మనకు ఏదీ తెలియదు. వాళ్ల జీతం, వాళ్ల నిద్ర సరిగ్గా లేకుండా పెద్దవాళ్ల బతుకు సరిగ్గా ఉండదు.

వచ్చే ఏడాదికి సమాఖ్యను కోరేవి నాలుగు. ఒకటి, సందర్శన ముందుగా చెప్పి కాకుండా వేర్వేరు వేళల్లో, అందులో కొన్ని పొద్దుగూకాక జరగాలి. రెండు, వెళ్లినప్పుడు ఫొటో తీయకూడదు. మూడు, ఆయాలుగా పనిచేస్తున్న మన సభ్యులందరికీ ఈ శిక్షణ ఇవ్వాలి. నాలుగు, మతి తప్పిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్న సభ్యురాలికి వారంలో ఒక పూట తోడు కూర్చునే బాధ్యత ఆమె సంఘం తీసుకోవాలి. ఆ ఒక్క పూట సాయం దొరక్కనే చాలామంది ఆశ్రమం గడప తొక్కుతున్నారు.

పోయిన ఏటి వాక్యాన్ని ఇట్లా దిద్దమని కోరుతున్నాం: "సందర్శించిన ఆశ్రమాల్లో వృద్ధులు తమ కష్టం మాకు చెప్పారు. మాకు అప్పుడు అర్థం కాలేదు."

ఆ మామ్మ ఇప్పటికీ ఏం అడిగినా "బాగుంది" అనే అంటుంది. మేం ఇప్పుడు ఆ మాట విని, పక్కన కూర్చుని, ఆమె చేతులు రెండూ మా చేతుల్లోకి తీసుకుని చూస్తున్నాం.